పేరు పెద్దగా వెయ్యి తల్లీ

అమ్మడూ,

మొన్న ఫోనులో నీ గొంతు కాస్త చిన్నబోయింది. "షామియానా ఒకళ్ళు తీసుకున్నారు పెదనాన్నా, భోజనాలు ఒకళ్ళు, సన్మానాలు ఇంకొకళ్ళు. చివరికి మిగిలిన బ్యాడ్జీలు నాకొచ్చాయి" అన్నావు. అప్పుడు పక్కన మనుషులున్నారు, ఎక్కువ మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

సంక్రాంతి సెలవుల్లో మన ఊరి హైస్కూలు వజ్రోత్సవం. 400 మంది దాకా వస్తారన్నావు. గవర్నర్‌పేటలో 40 ఏళ్ళు ప్రెస్సు నడిపాను. పెళ్ళి శుభలేఖలు వేశాను, కరపత్రాలు వేశాను, మహాసభలకి బ్యాడ్జీలు వేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఆ రోజు అందరికంటే సున్నితమైన పని నీ చేతిలో ఉంది.

ఎప్పుడో పదో తరగతిలో పక్క బెంచీలో కూర్చున్నామె ఎదురొస్తుందనుకో. మొహం ఎరిగున్నదే. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అడిగితే "నన్నే మర్చిపోయావా" అని నొచ్చుకుంటుందేమోనని జంకు. ఆమెకీ అదే జంకు. ఇద్దరూ ఓ నవ్వు నవ్వి, "బాగున్నారా" అనుకుని, చెరో పక్కకీ వెళ్ళిపోతారు. ఇంటికెళ్ళాక రాత్రి ఎప్పుడో పేరు గుర్తొస్తుంది. ఇలాంటివి నేను కళ్ళారా చూశాను. బ్యాడ్జి మీద పేరు కనబడితే ఆ ఇద్దరూ "ఒసేయ్ నువ్వా" అనుకుని కావిలించుకునేవాళ్ళు. బ్యాడ్జి ఎదుటివాళ్ళు చదువుకోవడానికి. కొలత, రంగు, అక్షరం, తాడు, ఏది తేల్చుకోవాలన్నా "ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇది పనికొస్తుందా" అని అడుగు. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

కమిటీవాళ్ళు నీ దగ్గరికి మొదట తెచ్చేది లోగోలు. స్కూలు ఫోటో ఒకటి, వజ్రోత్సవం ముద్ర ఒకటి, దాతల పేర్లు ఆరో ఏడో. అవన్నీ సర్దాక అడుగున మిగిలిన రెండు వేళ్ళ జాగాలో పేరు ఇరికిస్తారు. నా దగ్గరికి వచ్చిన డిజైన్లలో సగానికి సగం ఇలాగే ఉండేవి. దాతలకి మనం రుణపడి ఉన్నాం, వాళ్ళ పేర్లు వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఎంత పెద్దగా వేసినా తప్పులేదు. బ్యాడ్జి మీద మాత్రం వద్దని మర్యాదగా చెప్పు. నీ మాట వినకపోతే పెదనాన్న వద్దన్నాడని చెప్పు, నేను మాట్లాడతాను.

బ్యాడ్జి మీద ముఖ్యంగా నాలుగు ఉండాలి. పిలిచే పేరు పెద్దగా, దాని కింద ఇంటిపేరు కొంచెం చిన్నగా, పదో తరగతి పాసైన సంవత్సరం బాగా కనబడేట్టు, ఇప్పుడుంటున్న ఊరు. అమెరికా నుంచి వచ్చేవాళ్ళ పిల్లలకి తెలుగు చదవడం రాకపోవచ్చు కాబట్టి అడుగున చిన్నగా ఇంగ్లీషులో కూడా పేరు వెయ్యి. స్కూలు పేరు పైన ఒక సన్నని పట్టీలో చాలు. అది ఏ స్కూలో అక్కడికొచ్చిన అందరికీ తెలుసు కదా.

హోదాలు వద్దు. డాక్టరు, ఇంజనీరు, డైరెక్టరు, సర్పంచి, ఇవేవీ ఆ రోజుకి అక్కర్లేదు. ఆ బెంచీల మీద పక్కపక్కన కూర్చున్నప్పుడు ఎవరికీ హోదాలు లేవు. మాస్టార్ల సంగతి వేరు. వాళ్ళకి విడిగా ఒక రంగు పట్టీ పెట్టి, పిల్లలు పిలిచినట్టే పేరు పక్కన మాస్టారు అనో టీచరు అనో వేసి, చెప్పిన సబ్జెక్టు కూడా వెయ్యి. "లెక్కలు" అని చదవగానే కొందరికి ఇప్పటికీ వెన్ను నిటారుగా అవుతుంది.

ఇక కొలత. బోర్డులు రాసేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. అంగుళం ఎత్తు అక్షరాన్ని పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని. ఇద్దరు నిలబడి మాట్లాడుకునే దూరం నాలుగైదు అడుగులు. అంటే అర అంగుళం ఎత్తు అక్షరం కావాలి. కంప్యూటర్లో 72 పాయింట్లు ఒక అంగుళం కదా అని 36 పెట్టి ఊరుకోకు. ఆ పాయింట్ల లెక్కలో అక్షరం కిందా పైనా ఉండే ఖాళీ కూడా కలిసి ఉంటుంది. ఒకటి ప్రింటు తీసి, అక్షరాన్నే స్కేలు పెట్టి కొలు. తరవాత దాన్ని గోడకి అతికించి, కళ్ళజోడు తీసేసిన మీ నాన్నని ఐదడుగుల దూరంలో నిలబెట్టి చదవమను. ఆయన తడుముకోకుండా చదివితే 70 ఏళ్ళవాళ్ళు కూడా చదువుతారు.

తెలుగు పేరు వెడల్పైంది. అందుకని కార్డు అడ్డంగా ఉంటే మంచిది, 13 సెంటీమీటర్ల వెడల్పు, 9 సెంటీమీటర్ల ఎత్తు. డిజైను మొదలుపెట్టేటప్పుడు "రాజు" అనో "లత" అనో పెట్టుకుని అందంగా ఉందని మురిసిపోకు. లిస్టులో అన్నిటికంటే పొడుగు పేరు ఏదో వెతుకు. మన జిల్లాలో ఒక సుబ్రహ్మణ్యేశ్వరరావు ఉండకపోడు. ముందు ఆయన పేరు పట్టేట్టు చూసుకో. పట్టకపోతే రెండు వరసలు చెయ్యి, ఆయన ఒక్కడి అక్షరాలు మాత్రం తగ్గించకు. గుడులకీ ఒత్తులకీ పైనా కిందా చోటు వదులు. స్త్ర, ర్మ్య లాంటివి వచ్చినచోట కింది వరస పైవరసని తాకితే రెండూ చెడతాయి.

ఫాంటు డబ్బు పెట్టి కొనక్కర్లేదు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, ఇవి యూనికోడ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మండలి వెంకట కృష్ణారావుగారి పేరు మీద వచ్చిన ఫాంటు చదవడానికి చాలా నిమ్మళంగా ఉంటుంది. ఊరికీ ఇంటిపేరుకీ అది బాగుంటుంది. పెద్ద పేరుకి రామభద్ర దిట్టంగా కనిపిస్తుంది. గౌతమి ఫాంటు సన్నగా ఉంటుంది, ఇంత దూరానికి ఆనదు. నల్లటి అక్షరం, తెల్లటి లేదా లేత గోధుమ రంగు కార్డు. పేరు వెనకాల స్కూలు బొమ్మ నీడలా వెయ్యమని ఎవరన్నా అంటే ఒప్పుకోకు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెబుతాను. పేరు తప్పు పోకూడదు.

మీరు పెట్టిన ఫారంలో అందరూ ఇంగ్లీషులో పేర్లు నింపారన్నావు. దాన్ని తెలుగులోకి మిషను చేత మార్పించి ప్రెస్సుకి ఇద్దామన్నది మీ వాళ్ళ ఆలోచన. అలా చెయ్యొద్దమ్మా. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుకి తెలుగులో రెండు మూడు పేర్లుంటాయి. త ఏదో, ట ఏదో, న ఏదో, ణ ఏదో, ఎక్కడ దీర్ఘం ఉందో ఆ స్పెల్లింగు చెప్పదు. లతగారు లథ అవుతారు. శారదగారు సరద అవుతారు. సొంత ఊళ్ళో, సొంత స్కూల్లో, మెడలో తప్పు పేరు వేసుకుని తిరగడం ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించు. "బ్యాడ్జి మీద మీ పేరు తెలుగులో ఎలా ఉండాలి?" అని అందరికీ మళ్ళీ ఒక ప్రశ్న పంపు. జవాబు రానివాళ్ళకి ఫోను చెయ్యి. 400 మందిలో 100 మందికి చెయ్యాల్సి వచ్చినా, నలుగురు కూర్చుంటే ఒక సాయంత్రం పని.

అదే ఫోనులో ఇంకో రెండు సంగతులు కనుక్కో. ఆడవాళ్ళలో చాలామందికి పెళ్ళితో ఇంటిపేరు మారింది. ఏ ఇంటిపేరు వెయ్యమంటారో వాళ్ళనే అడుగు. స్నేహితులకి తెలిసింది పాత పేరే కాబట్టి చాలామంది అదే కోరుకుంటారని నా అనుకోలు, కానీ నువ్వు ఊహించి వెయ్యొద్దు. పేరు చివర ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో కూడా వాళ్ళ ఇష్టమే. బళ్ళో పెట్టిన మారుపేర్లు సరదాగా ఉంటాయని ఎవరో అన్నారని చెప్పావు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప వెయ్యకు. కొన్ని మారుపేర్లు పెట్టినవాళ్ళకే సరదా. పడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి మోస్తారు.

రెండోది చెప్పడానికి మనసొప్పదు గానీ చెప్పాలి. ఫారం నింపినవాళ్ళవి కాక, పాత రిజిస్టరు నుంచి ఎక్కించిన పేర్లలో ఇప్పుడు లేనివాళ్ళు ఉంటారు. ప్రతి బ్యాచీలో ఒకరికి లిస్టు చూపించి, ఆ పేర్లు తీయించు. బల్ల మీద ఎవరూ తీసుకోని బ్యాడ్జి పడి ఉండడం, దాన్ని ఆ ఇంటివాళ్ళు చూడడం, ఆ బాధ మన చేతులమీదుగా జరగకూడదు.

యూనికోడ్‌లో ఒక చిక్కుంది. పేరు మధ్యలో పొల్లు వచ్చి, వెంటనే ఇంకో హల్లు వస్తే కంప్యూటరు రెండింటినీ కలిపి ఒత్తు చేసేస్తుంది. ప్రసాద్‌రావు కాస్తా ప్రసాద్రావు అవుతాడు. రాజ్‌కుమార్ వెళ్ళి రాజ్కుమార్ అవుతాడు. మధ్యలో కనబడని విడదీసే అక్షరం పెట్టాలి, లేదా ఖాళీ వదలాలి. డీటీపీ చేసేవాళ్ళతో మొదటిరోజే ఇంకో మాట తేల్చుకో. మన దగ్గర చాలా షాపుల్లో పని అంతా అను ఫాంట్లలోనే అలవాటు. నువ్వు ఫోను నుంచి పంపే యూనికోడ్ పేర్లు వాటిలో నేరుగా దిగవు. అప్పుడు 400 పేర్లూ తిరిగి టైపు చేస్తారు. తిరిగి టైపు చేసినప్పుడల్లా కొత్త తప్పులు పుడతాయి. యూనికోడ్‌తోనే ప్రింటు దాకా వెళ్ళే షాపు చూసుకో. వాళ్ళ సాఫ్ట్‌వేర్ పాతదైతే ఒత్తులు విడివిడిగా పడతాయి, ముందు పది కష్టమైన పేర్లు వేయించి చూడు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక సంఘం మహాసభలకి 600 బ్యాడ్జీలు మా ప్రెస్సులో వేశాం. లిస్టు ఎక్సెల్‌లో వచ్చింది. మా కుర్రాడు పేర్ల కాలమ్ ఒక్కదాన్నే అకారాది క్రమంలో పెట్టాడు. ఊళ్ళ కాలమ్ ఉన్నచోటే ఉండిపోయింది. ఒకరి పేరు పక్కన ఇంకొకరి ఊరు. రాత్రి పదకొండింటికి ప్రూఫు నా చేతికొచ్చింది. మొదటి పేజీలో అక్షరదోషాలు చూసుకుని, బాగానే ఉందని సంతకం పెట్టాను. పేరూ ఊరూ కలిపి చూడాలన్న ఆలోచనే రాలేదు. మర్నాడు పొద్దున గుంటూరాయన మెడలో అనంతపురం, శ్రీకాకుళమాయన మెడలో నెల్లూరు. 600 మందికి క్షమాపణ చెప్పలేం కదా. ఆ రోజంతా గేటు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ కార్డు మీద నా చేత్తోనే ఊరు కొట్టేసి రాసిచ్చాను. అప్పటినుంచీ ఏ లిస్టయినా మొదట్లో పది, మధ్యలో పది, చివర పది అడ్డంగా చదివిగానీ మిషను ఎక్కించలేదు. ఎక్సెల్‌లో వరస మార్చేటప్పుడు అన్ని కాలమ్‌లూ కలిపి ఎంచుకున్నావో లేదో చూసుకోవడం నువ్వు మర్చిపోకు.

అచ్చు సంగతికి వద్దాం. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంది కదా అని దాంతో వెయ్యొద్దు. ఆ సిరా చాలావాటిలో చెమట తగిలినా, నీళ్ళ గ్లాసు ఒలికినా కారిపోతుంది. లేజరు గానీ, డిజిటల్ ప్రెస్సు గానీ చూడు. 300 జీఎస్ఎమ్ మ్యాట్ ఆర్టు కార్డు చాలు, ఒక్కరోజుకి లామినేషనూ ప్లాస్టిక్ పౌచూ అక్కర్లేదు. పౌచు ఎండలో మెరిసి పేరు కనబడదు. లామినేషను మీద పెన్ను సాగదు, ఆఖరి నిమిషంలో దిద్దుబాటు వస్తే ఇబ్బంది.

12 బై 18 అంగుళాల షీటులో నేను చెప్పిన కొలత కార్డులు 9 పడతాయి, కత్తిరించే జాగాతో సహా. 50 షీట్లకి 450. అంటే 400 పేర్లు, 50 ఖాళీవి. ప్రెస్సులో చెప్పి, షీటు మీద పేర్లు పక్కపక్కన వరసగా పెట్టొద్దను. మొదటి గడిలో 1 నుంచి 50, రెండో గడిలో 51 నుంచి 100, అలా ఒక్కో గడికి 50 పేర్లు కిందికి దిగాలి. షీట్లన్నీ దొంతరగా పెట్టి కటింగ్ మిషనులో కోసినప్పుడు తొమ్మిది కట్టలు వస్తాయి, వాటిని ఒకదాని కింద ఒకటి పెడితే లిస్టు వరస అచ్చంగా వచ్చేస్తుంది. లేకపోతే ఆ రాత్రి నువ్వూ నీ స్నేహితురాళ్ళూ నేల మీద 400 కార్డులు పరుచుకుని ఏరుకోవాలి.

పేరు రెండు వైపులా వెయ్యాలి. తాడుకి వేలాడే కార్డు తిరగబడకుండా ఉండదు. వెనక ఖాళీ ఉంటే సగంసేపు ఆ ఖాళీయే లోకానికి కనబడుతుంది. అయితే రెండో వైపు వేసేటప్పుడు ఎడమ గడి కుడికి, కుడి గడి ఎడమకి మారాలి. అది మరిస్తే ముందు ఒకరి పేరు, వెనక ఇంకొకరి పేరు పడుతుంది. మొదటి షీటు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాకే మిగతావి వెయ్యనివ్వు. పైన రెండు మూలలా రెండు బెజ్జాలు, రెండు కొక్కేల తాడు ఉంటే తిరగబడడం కూడా తగ్గుతుంది.

తాడు అంటే గుర్తొచ్చింది. దుకాణాల్లో దొరికే ట్యాగులు చాలావరకు బొడ్డుదాకా దిగుతాయి. పేరు చదవాలంటే అవతలిమనిషి పొట్టవైపు వంగి చూడాలి, ఆడవాళ్ళకి అది మరీ ఇబ్బంది. పొడవు తగ్గించి కుట్టించు, కార్డు గుండెల దగ్గర ఉండాలి. బల్లపరుపు నూలు పట్టీ అయితే మెడకి గుచ్చుకోదు. రంగు పట్టీ తీసుకుంటే ముందు ఒకదాన్ని తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడు. ఎర్ర శాటిన్ రిబ్బను రంగు దిగి ఖద్దరు చొక్కాలు పాడైన సభ ఒకటి నాకు తెలుసు. సేఫ్టీ పిన్నులు వద్దు, ఆ రోజు అందరూ పట్టుచీరలే కట్టుకొస్తారు. అయస్కాంతం బ్యాడ్జీలు చూడ్డానికి బాగుంటాయి గానీ, మన అతిథుల్లో గుండెకి పేస్‌మేకరు పెట్టించుకున్నవాళ్ళుంటారు. వాళ్ళ గుండె దగ్గరికి అయస్కాంతం రాకూడదు. ఆ ఊసే ఎత్తొద్దు.

ఫోను నంబరు బ్యాడ్జి మీద వెయ్యమంటే వద్దను, సాయంత్రానికల్లా ఆ ఫోటోలు నూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. భోజనాల కోసం క్యూఆర్ కోడ్ పెడితే రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా, చుట్టూ తెల్ల జాగా వదిలి, వెనకవైపు అడుగున పెట్టు.

పంచేచోట బల్లలు అక్షరాల వరసన పెట్టకు. మనవాళ్ళు ఇంటిపేరు కింద వెతకాలా, పిలిచే పేరు కింద వెతకాలా తెలియక అటూ ఇటూ తిరుగుతారు. ఏ సంవత్సరం పాసయ్యారో మాత్రం ఎవరూ మర్చిపోరు. పదేళ్ళకొక బల్ల, బల్ల మీద సంవత్సరానికొక చెప్పుల అట్టపెట్టె. ఆ బల్ల దగ్గర ఆ కాలంవాళ్ళే ఒకరు కూర్చుంటే, బ్యాడ్జి చేతికిచ్చే ముందే పలకరింపు అయిపోతుంది.

ఖాళీ కార్డులు 50 ఉంచమన్నానే, అవి చెప్పకుండా వచ్చేవాళ్ళకి. లావు మార్కరు పెన్ను పెట్టి, మన డ్రాయింగు మాస్టారిని అక్కడ కూర్చోబెట్టు. ఆయన చేత్తో రాసిన పేరు అచ్చు పేరు కంటే అందంగా ఉంటుంది. పేరులేని మనిషి ఒక్కరు కూడా లోపల తిరగకూడదు, ఎమ్మెల్యేగారైనా సరే.

నీకు తెలిసిన కథే అయినా ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. పక్కనే పెట్టిన ఖాదీ ప్రదర్శన గుమ్మంలో 14 ఏళ్ళ పిల్లని కాపలా పెట్టి, టిక్కెట్టు లేనివాళ్ళని వదలొద్దన్నారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. ఆ పిల్ల టిక్కెట్టు అడిగింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిన పనే చేస్తున్నానంది. ఆయనకి టిక్కెట్టు తెప్పించాకే లోపలికి వెళ్ళనిచ్చింది. నెహ్రూ ఆ పిల్లని మెచ్చుకున్నాడు. ఆమే దుర్గాబాయి దేశ్‌ముఖ్. నీ బల్లల దగ్గర కూర్చునే పిల్లలకి ఈ కథ చెప్పు. ఎవరినీ వెనక్కి పంపొద్దు, ఎవరినీ బ్యాడ్జి లేకుండా పంపొద్దు. పెద్దమనిషి వస్తే లేచి నమస్కారం పెట్టి, పేరు రాసి, మెడలో వేసి పంపండి.

లిస్టు సిద్ధం కాగానే ప్రెస్సుకి ఇవ్వకముందు నాకు పంపు. కాగితం మీద పంపు, ఫోనులో నా కళ్ళు ఆనవు. ఎర్ర పెన్ను పట్టుకుని 400 పేర్లూ చదివి రెండు రోజుల్లో తిరిగి పంపిస్తాను. ఈ పని నాకు ఇంకా చేతనవును, నువ్వు అడగలేదు గానీ నేనే అడుగుతున్నాను.

మీ పెద్దమ్మ కూడా ఆ స్కూలే కదా, 1978 బ్యాచి. నిన్న నీ ప్రశ్న నేనే ఆవిణ్ణి అడిగాను. చేతిలో పని ఆపి కాసేపు ఆలోచించింది. పుట్టింటి ఇంటిపేరే వెయ్యమంది. అందులో బండి ఱ ఉంది తల్లీ. స్కూలు రిజిస్టర్లో అలాగే రాసి ఉంటుంది. మామూలు ర పడకుండా చూడు.

నీ పెదనాన్న